కంటి కింద లేని రంధ్రం

రెడ్డియారు ఆ రోజు కదలలేదు. ఈ మాట 2006లోనే డాక్టరుకు చెప్పాల్సింది. చెప్పలేదు.

అప్పట్లో నేను పుదుచ్చేరిలో సారం అనే పేటలో ఉన్న ఒక స్కాన్ సెంటర్‌లో సి.టి. టెక్నీషియన్ని. రెడ్డియారు దగ్గర్లోని కిరుమాంబాక్కం ఊరి రైతు. కొబ్బరి మట్ట ముఖాన పడి చెంప వాచింది. స్కాన్‌లో వచ్చిన పలుచటి అడ్డకోతల చిత్రాలను, అంటే స్లైసులను, కంప్యూటర్లో పేర్చి ముఖాన్ని త్రీ-డీ బొమ్మగా నిలబెట్టడం నా పని. ఎంత గట్టిగా ఉంటే ఎముకగా లెక్కించాలో చెప్పే అంకె మనమే ఇవ్వాలి. దాన్ని థ్రెషోల్డ్ అంటారు. అంతకుముందు చేసిన తుంటి ఎముక కేసుకు పెట్టిన పెద్ద అంకెను మార్చకుండా వదిలేశాను. కంటిగూటి అడుగున ఎముక కాగితమంత పలచన. బొమ్మలో అది చెరిగిపోయి పెద్ద రంధ్రం కనబడింది.

తలుపు దగ్గర నిలబడ్డ ఆయన భార్య తెర చూసింది. "అయ్యో తంబీ, ఇంక కన్ను యాడ నిలబడతాది? జారిపోదా?"

"ఊరుకోయే. ఉండే ఒక్క కంటితో నిన్ను చూసేది చాల్దా?" అన్నాడాయన.

డాక్టరు ఆ బొమ్మ చూసి ఆపరేషన్ అన్నారు. ఫిల్ము తీయబోతూ బొమ్మను తిప్పాను. దెబ్బ తగలని కంటి కిందా అదే రంధ్రం! స్లైసుల్లో చూస్తే రెండు వైపులా ఎముక నిక్షేపంగా ఉంది. డాక్టరు గదికి పరిగెత్తాను.

"సార్, బొమ్మ తప్పు. పేషెంటు కదిలినట్టున్నాడు."

ఉద్యోగం పోతుందన్న భయం అలా మాట్లాడించింది. ఈసారి కదలొద్దని ఆయనకు చెప్పి మళ్లీ తీయమన్నారు డాక్టరు. అక్కర్లేని రేడియేషన్‌ను ఆయన తలలోకి రెండోసారి పంపాను. ఊపిరి తీయడానికి కూడా జంకుతూ పడుకున్నాడు. ఆపరేషన్ తప్పింది. వెళ్తూ నాకే దండం పెట్టాడు. "కదిలి నీకు రెండు పని పెట్టినా తంబీ."

త్రీ-డీ బొమ్మ సగం ఒళ్లు, సగం మన నిర్ణయం. స్లైసులతో పోల్చనిదే ఇప్పుడు ఎవరికీ చూపను. అది నేర్చుకోవడం సులువే అయింది.

మూడేళ్లకు ఆయన కడుపునొప్పితో వచ్చాడు. "నెలగా ఓర్చుకున్నాడే గాని స్కానుకు రాలా. కదిలితే లేనిపోని రోగం కనబడతాదంట," అంది భార్య. ఆయన బల్ల మీద పడుకుని కండువా నా చేతికిచ్చాడు.

"చేతులు కట్టెయ్ తంబీ. నేను కదిలే మనిషిని."

కండువా పక్కన పెట్టాను. ఆయన భార్యను లోపలికి పిలిచాను, ఆమె కూడా వినాలని.

"మామా, ఆనాడు మీరు కదల్లేదు. ఆ రంధ్రం నేను చేసింది. భయపడి మీ మీద వేసినా. నన్ను మన్నించండి."