ఏడు సరస్సులు, ఏడు టీలు

ఆవాలాక్ తాతకు టీ పిచ్చి. మామూలు పిచ్చి కాదు, మంచుదారి మీద లారీల ముందు దారి చూపించడానికి మంచుబండెక్కి బయల్దేరి, ప్రతి సరస్సు గట్టునా అందరినీ ఆపి పొయ్యి వెలిగించేంత పిచ్చి.

ఆ రోజు మీకా అనే అమ్మాయికి ఓపిక నశించింది. దారి బాధ్యత ఆమెది. కొండలో బంగారం బయటపడి ఇరవయ్యేళ్ళయినా ఇంకా తవ్వకం మొదలవలేదు. అక్కడికి రోడ్డంటే చలికాలంలో గడ్డకట్టే ఏడు సరస్సులే మరి. రాళ్ళు పిండిచేసే యంత్రంలో ఆఖరి భాగం ఆ రోజే దాటాలి. ఎండ ముదిరి దారి మూస్తే మళ్ళీ ఏడాది ఆగాలి. ఇక ఆగేది లేదు, కొండ దగ్గరి శిబిరం ఎత్తేస్తామని కంపెనీ చెప్పేసింది. ఊళ్ళో నలభై మందికి పని పోతుంది, ముందు మీకాకే.

“తాతా, ఎందుకాగారు?” అంది రేడియోలో.

“టీకి.”

“రెండో గట్టు మీద తాగారుగా?”

“అది రెండో గట్టు టీ. ఇది మూడోది.”

నాలుగో గట్టున ఎండు మాంసం కూడా ఉందని ఊరించాడు. ఐదో గట్టున ఫ్లాస్కు నిండుగా ఉందంటూనే మళ్ళీ టీకి మంచు చెక్కుతున్నానన్నాడు.

“ఇదెందుకు?”

“ఈ సరస్సు నీళ్ళ రుచే వేరు మీకా.”

ఈ ముసలాయన నా కొంప ముంచుతాడనుకుంటూ మీకా తన బండెక్కి ఆరో గట్టుకు వచ్చిపడింది. యంత్రం మోస్తున్న లారీ డ్రైవరు, ఆరడుగుల తులిక్, కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. టీ సగం చేతుల మీదే ఒలుకుతోంది.

“తాగమ్మా, నెమ్మదిగా తాగు,” అంటున్నాడు తాత. తాత తల్లి చనిపోయాక పుట్టిన తులిక్‌కు ఆమె పేరే పెట్టారు. పేరుతో పాటు మనిషీ తిరిగొస్తుందని ఆ ఊళ్ళో లెక్క, అందుకని గడ్డమున్నా అతను తాతకు అమ్మే.

రెండేళ్ళ కిందట తులిక్ లారీ కింద మంచు విరిగింది. ఆ భయం ఎప్పుడో పోయిందనుకున్నారంతా. మీకా వెంటనే తాతను పక్కకు పిలిచింది.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే దింపేస్తావు. ఇంత బరువు మంచు మీద నడిపే చెయ్యి ఇంకొకటి లేదు. గట్టు మీద కాసేపు కూర్చుంటే కుదురుకుంటాడు. అయినా మా అమ్మను నలుగురూ పిరికిదంటే నేనూరుకోను.”

“మరి మీ టీ కప్పు ఏది?”

“నాకు టీ పడదు మీకా. కడుపులో మంట.”

ఏడో గట్టున పొయ్యి మీకానే వెలిగించింది. తులిక్ తాగి, మూతి తుడుచుకుని, లారీ మంచు మీదకు దింపాడు. మూడింటికల్లా యంత్రం కొండ చేరింది. ఆలస్యానికి శిబిరం వాళ్ళు రేడియోలో తాతను కడిగేశారు. “నిజమే బాబూ, అలవాటు మానలేకపోతున్నా,” అన్నాడాయన, ఎంతో సిగ్గుపడుతున్నట్టు.