పెన్సిల్ చుక్క

పింగాణీ ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని చెవి బాబాయ్ అంటారు. బట్టీలోంచి వచ్చిన ప్రతి కప్పునూ వేలి కణుపుతో కొట్టి వినడం ఆయన పని. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే లోపల కంటికి కనపడని బీట ఉన్నట్టు. దాని అంచు మీద పెన్సిలుతో చుక్క పెట్టి పక్కన పడేస్తాడు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ఇంట్లో గ్లాసు కింద పెట్టినా చెవి రిక్కిస్తాడని భార్య తల బాదుకుంటుంది.

ఉన్నట్టుండి కంపెనీకి ఏఐ పూనింది. పరిశోధన విభాగంలో ఒక డాక్టరు గారున్నారు, సూది పొడిచే రకం కాదు, పేరు ముందు పెట్టుకునే రకం. బాబాయ్ మంచివన్న కప్పులవీ చెడ్డవన్న కప్పులవీ వేలకొద్దీ ఫొటోలు తీసి ఆయన మిషన్‌కి నేర్పించాడు. నెల తిరక్కుండా అది నూటికి తొంభై తొమ్మిది చెడ్డ కప్పుల్ని పట్టేసింది. డాక్టరు గారి కాళ్లు నేల మీద ఆనలేదు. బాబాయ్‌కి మాత్రం కాళ్ల కింద నేల కదిలింది. రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్లుంది.

డైరెక్టరు గారు మిషన్‌కి రిబ్బను కత్తిరించడానికి వచ్చిన రోజున డాక్టరు ముందే చెప్పాడు. "బాబాయ్, ఇవాళ మీరు కప్పుల్ని ముట్టుకోకండి. అంతా మిషనే చూసుకుంటుంది."

మిషన్ మూడొందల కప్పులు చూసి, ఒక్కటీ చెడ్డది కాదని తేల్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. వాటిలోనే ఒక కప్పులో డైరెక్టరు గారికి టీ ఇచ్చారు. చెంచా తగలగానే కప్పు బొంగురుగా పలకడం బాబాయ్ చెవిన పడింది.

"అయ్యా, అందులో తాగకండి!" అన్నాడు.

ఎవరూ పట్టించుకోలేదు. రెండో గుక్కకి పిడి డైరెక్టరు గారి చేతిలో మిగిలింది, టీ ప్యాంటు మీదికొచ్చింది.

వారం రోజులు తలలు పట్టుకున్నాక తెలిసిందేమిటంటే, మిషన్ ఏనాడూ బీటని చూడలేదు, పెన్సిల్ చుక్కని చూసింది. ఫొటోలన్నీ చుక్క పెట్టాక తీసినవే మరి!

అయినా డైరెక్టరు గారు రిబ్బను కత్తిరించిన మిషన్ తప్పెలా చేస్తుంది? పరీక్షకుడి పదవి రద్దయిందనీ, బాబాయ్ ఇకమీదట యంత్ర సహాయకుడనీ ఉత్తర్వు వచ్చింది. ఆయన కప్పుల్ని ముందుగా కొట్టి చూసి, చెడ్డవాటికి మిషన్‌కి బాగా కనపడేలా చుక్కలు పెట్టాలి.

"ఇంతకీ ఉద్యోగం ఉందా, పోయిందా?" అంది భార్య.

"ఉంది. పని కూడా అదే."

"మరి ఆ మొహమేంటి?"

ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. "ఇన్నేళ్లూ నేను చెడ్డదంటే చెడ్డదేనే. ఇప్పుడు ఆ మిషన్ ఒప్పుకుంటేనే నేను విన్నట్టట."