కుడి భుజం పూరెక్క

సుంకులమ్మ గుడి పూజారి శ్రీరంగప్ప ముప్పై ఏళ్లలో ఒక్కరినీ నిరాశపరచలేదు. పామిడి దాటి అంత దూరం ఎర్రమట్టి దారిలో పడి వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపడం ఆయనకు చేతకాదు. వాన సంగతి అమ్మవారు చూసుకోలేకపోయినా, వచ్చినవాళ్ల మనసు సంగతి ఆయన చూసుకునేవాడు.

గుడి పాతది. ఎంత పాతదంటే, ఎవరో పాళెగాడు గుత్తి కోట మీదికి దండెత్తబోతూ ఇక్కడే పూవు అడిగాడట. కుడివైపు రాలిందట. మీసం మెలేసుకుంటూ పోయినవాడు మళ్లీ తిరిగి రాలేదు. ఈ చివరి ముక్క శ్రీరంగప్ప నాయన ఎవరికీ చెప్పేవాడు కాదు, శ్రీరంగప్పా చెప్పడు.

పూవు అడగడమంటే పెద్ద తతంగమేమీ కాదు. గన్నేరు రెక్కలు తడిపి అమ్మ రాతి భుజాల మీద ఇటొకటి అటొకటి అంటిస్తారు. మనసులో మాట చెప్పుకొని ఎదురుచూడాలి. కుడి రెక్క ముందు రాలితే పని జరుగుతుంది, ఎడమది రాలితే మానుకోవాలి. ఇక మిగిలిందంతా తడిలోనే ఉంది. బాగా తడిసిన రెక్క రాతిని వదలదు. చెమ్మ తగిలీ తగలనట్టున్నది కాసేపటికే జారిపోతుంది. ఇది ఆయనకు నాయన నేర్పింది కాదు, చెయ్యే నేర్చుకుంది. అయినా అడిగేదానికి ఎవరొస్తారు? ఊ అనిపించుకునేదానికి వస్తారు. దీన్ని మోసమంటే శ్రీరంగప్ప ఒప్పుకోడు. ముసలి అమ్మవారికి చేతిసాయం, అంతే.

సర్పంచి ఎన్నికలప్పుడు రాఘవేంద్ర రెడ్డి పొద్దున, బట్టలంగడి గోపాలయ్య సాయంత్రం వచ్చి అడిగారు. ఇద్దరికీ కుడి రెక్కే రాలింది. ఓడిపోయిన గోపాలయ్య గుడి ముందు నిలబడి గొంతు చించుకున్నాడు.

"ఏమప్పా, మీ అమ్మ నన్ను నట్టేట్లో ముంచింది గదా!"

"నిలబడమనింది అన్నా. గెలుస్తావని అనిందా?"

గోపాలయ్య ఆ మాటా నిజమే అనుకున్నాడో ఏమో, టెంకాయ కొట్టి పోయాడు.

ఇట్లా హాయిగా సాగుతున్న మనిషికి బోరు పిచ్చి పట్టింది. ఉన్నది రెండున్నర ఎకరాలు, అందులో ఏటా ఎండే వేరుశనగ, ఎప్పుడో ఎండిన రెండు బోర్లు. అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్లు చూసే ఓబిలేష్ ఈశాన్యం మూలకు పోయేసరికి టెంకాయ నిక్కి నిలబడింది. ఆ రోజు నుంచి శ్రీరంగప్పకు అన్నం సహించలేదు. మూడో బోరు వేయాలంటే ఇంట్లో అమ్మదగినవి రెండు పాడి ఎనుములు మాత్రమే. అవి భార్య వెంకటలక్ష్మమ్మ చిన్న పడ్డలుగా ఉన్నప్పటి నుంచి సాకినవి. ఇల్లు నడిచేది వాటి పాల మీద. పూజారితనం మీద నడిచేది ఆయన గౌరవం ఒక్కటే.

ఆమె గొడవ పడలేదు.

"నన్నెందుకు అడిగేది? ఊరికంతా అమ్మే చెప్తాంది గదా, మనకూ చెప్తాది. ఆమె ఊ అంటే ఎనుముల్ని నేనే సంతకు తోలుకపోతా. కాదంటే మళ్ల నువ్వు బోరు మాటెత్తగూడదు."

శ్రీరంగప్ప మనసులో గంతేశాడు. ఇంత సుళువా!

మంగళవారం పొద్దున్నే గర్భగుడిలో రెక్కలు చేతిలోకి తీసుకున్నాక మాత్రం భయం పట్టుకుంది. నీళ్లు పడకపోతే? పాలూ పోయి, బోరూ పోతే? అమ్మ నిజంగా ఏమంటుందో తెలుసుకోవాలని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అనిపించింది. కానీ చెయ్యి వింటేగా! అది అలవాటుగా కుడి రెక్క తడిని విదిలించేస్తోంది. రెండూ సమానంగా తడపబోయాడు. మళ్లీ కుడిదే ఆరింది. ఛీ, ఎంత దరిద్రపు చెయ్యి! ఊరందరికీ అమ్మ మాట వినిపించినవాడికి, తను ఒక్క మాట వినే దారి లేకుండా పోయింది. ఆయనకు ఏడుపొచ్చింది.

"లక్ష్మమ్మా, నువ్వు అంటించు," అన్నాడు గడప దగ్గరున్న భార్యతో. "నా చేతిమీద నాకు నమ్మకం లేదు. రెండూ ఒకే మాదిరి తడుపు."

ముప్పై ఏళ్లుగా పూలు కోసి, చెంబుతో నీళ్లు అందిస్తున్న మనిషి ఆమె. కొంగు దోపుకొని లోపలికొచ్చింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. తల్లీ, నేను చేసిన సాయమంతా మర్చిపో, ఈ ఒక్కసారి నీ ఇష్టం.

కళ్లు తెరిచేసరికి ఎడమ రెక్క అమ్మ పాదాల దగ్గర ఉంది.

"ముప్పై ఏండ్లకు నాతో నోరిప్పినావు తల్లీ!" అంటూ శ్రీరంగప్ప సాగిలపడి వెక్కి వెక్కి ఏడ్చాడు. బోరు పోయిందన్న బాధ కన్నా, అమ్మ పలికిందన్న సంతోషమే ఎక్కువగా ఉంది. రాలిన రెక్కను కళ్లకద్దుకోబోయి ఆగాడు. పొడిగా ఉంది. తలెత్తి చూశాడు. కుడి భుజం మీది రెక్క నుంచి నీళ్లు అమ్మ మోచేతి దాకా కారుతున్నాయి.

"ఏమే... ఇట్ల తడిపినావు?"

"నువ్వు వచ్చినోళ్ల మొగం చూసి తడుపుతావు," అంది ఆమె చెంబు తీసుకుంటూ. "నేను ఎనుముల మొగం చూసి తడిపినా."

పాలు పితికే వేళ దాటిపోతోందని ఆమె ఇంటికి వెళ్లిపోయింది. శ్రీరంగప్ప అమ్మ మోచేతి మీది నీళ్లు తుడిచాడు. ఇంతలో గుడి ముందు బైకు ఆగింది. గార్లదిన్నె వైపు నుంచి ఎవరో రైతు, చేతిలో టెంకాయ, మొహం నిండా ఆశ.

"సామీ, ఆవుల్నమ్మి బోరు ఏపిద్దామని ఉండాది. అమ్మను అడగల్ల."

శ్రీరంగప్ప అలవాటుగా రెండు రెక్కలు తీశాడు. చెంబు వైపు చూశాడు. మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు.

"మీ ఇంట్లో ఆమెను గూడా పిల్చుకోని రాపో అన్నా," అన్నాడు.