మైలలో పూసిన గుమ్మడి

మా పిన్ని పోయింది. మా చిన్నాన్న భార్య. ఆవిడకు పిల్లలు లేరు. నన్నూ, నా తమ్ముళ్లిద్దరినీ ఆవిడే పెంచింది. గజపతినగరం సంతలో ఆవిడ దగ్గర గుమ్మడికాయలు కొన్నవాళ్లకు కూడా ఈ కబురు అందాలని రాస్తున్నాను.

పోయిన వారం ఒక పొద్దు పదేపదే గుర్తొస్తోంది. అందులో విశేషమేమీ లేదు. దేవుడి దగ్గర దీపం పెట్టి పెరట్లోకి వచ్చాను. పిన్ని అప్పటికే గుమ్మడి పాదు దగ్గర వంగి ఉంది. మంచుకు చీర అంచు తడిసింది. మగపువ్వు కోసి, రేకులు వెనక్కి ఒలిచి, కింద పిందె ఉన్న ఆడపువ్వులో మెల్లగా అద్దుతోంది.

"ఈ పెళ్లికొడుకుని సూడవే, ఒళ్లంతా పసుపే!" అంది.

ఒకప్పుడు ఈ పని తేనెటీగలే చేసేవి. పక్క చేను ఆయన పొద్దున్నే మందు కొట్టడం మొదలుపెట్టాక అవి రావడం మానేశాయి. పిన్ని గట్టు మీద నిలబడి అరిచేది.

"ఏటి మావా, పువ్వు ముడుసుకున్నాక సాయంత్రం కొట్టరాదా? ఈగలు సస్తే నీ సేనుకీ నష్టమే!"

"అలాగేనమ్మా" అనేవాడాయన. మర్నాడూ పొద్దున్నే కొట్టేవాడు.

అయినా పిన్ని రోజూ కొన్ని మగపువ్వులు పాదుకే వదిలేది. పూజకు అడిగినా ఇచ్చేది కాదు. పువ్వు అడుగున మెరిసే తేనెబొట్టు చూపించి, "ఇది ఈగ కూలే. కూలి లేకపోతే పనికెవలొస్తారు?" అనేది.

నిరుడు పిన్ని పాతపట్నంలో పుట్టింటికి వెళ్లి కొన్నాళ్లు ఉంది. మా చిన్న తమ్ముడి భార్య కొత్తగా కాపురానికి వచ్చింది. కాయని పువ్వులు ఎందుకని మగపువ్వులన్నీ కోసి రోజూ బజ్జీలు వేసింది. పాదుకు ఒక్క కాయ నిలవలేదు. తను చేసిన సంగతి తెలిసి మరదలు ఏడ్చింది.

"కాయల్ని పువ్వులప్పుడే తినేసినారు. నాకొక్క బజ్జీ అయినా ఉంచలేదేటే?" అని నవ్వేసింది పిన్ని.

డబ్బా అడుగున మిగిలిన పాత గింజలు ఈసారి వేసింది. ఒక్కటే మొలిచింది. ఆవిడ అత్తగారి నాటి రకం. మరెవరి దగ్గరా లేదు. ఇది కాయకపోతే ఆ గింజ ఇక ఉండదు.

పోయిన వారం పిన్ని అద్దిన పిందె నిలవలేదు. ఇప్పుడు ఆ పాదుకు మళ్లీ ఆడపువ్వులు వస్తున్నాయి. ఒక్కో పువ్వు విచ్చేది ఒక్క పొద్దే. మైలలో పాదు ముట్టుకోకూడదని మా ఇంటి ఆనవాయితీ. నిన్న ఒకటి, ఇవాళ ఒకటి మా కళ్ల ముందే ముడుచుకున్నాయి. దీపం పెట్టకూడదు, పాదు తాకకూడదు. వాకిట్లోకీ పెరట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. ఒక్క ఈగైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు.

సాయంత్రం అందరం అరుగు మీద కూర్చున్నాం.

"కర్మ అయినాక సూద్దాం అప్పా," అన్నాడు పెద్ద తమ్ముడు.

"అప్పటికి పువ్వులుంటాయేటి?" అన్నాడు చిన్నవాడు. పిన్నికి తలకొరివి పెట్టింది వాడే. "మడీ పూజా నీకే తెలుసు. నువ్వు సెప్పప్పా."

గడప దగ్గర నిలబడ్డ మరదలు మెల్లగా అడిగింది.

"ఈగలకి మైలుంటాదేటి వదినా?"

"దోషమంటూ ఉంటే అందరికీ సమానంగానే తగలనీ," అన్నాడు పెద్ద తమ్ముడు.

రేపు తెల్లారగానే తలస్నానం చేసి నేను పాదు దగ్గరికి వెళ్లాలనీ, పువ్వు ఒలవడం మరదలికి నేర్పాలనీ అనుకున్నాం.