మా తమ్ముడి కేసు, డాక్టరు మిషను

మా తమ్ముడి భార్య గర్భసంచి ఆపరేషన్ కోసం మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలోకి తన కాళ్ల మీద నడిచి వెళ్లింది. స్ట్రెచర్ మీద శవమై బయటికి వచ్చింది. డాక్టర్ పెళ్లికి పోతే మత్తు సూది కాంపౌండర్ ఇచ్చాడు. ఇది దాచిన సంగతేమీ కాదు, అక్కడి ఆయాలే చెప్పారు.

మా దిక్కున ఇటువంటప్పుడు ఒక పద్ధతి ఉంది. శవాన్ని గేటు ముందు పెట్టి టెంటు వేస్తారు. లీడర్లు వస్తారు. పొద్దు గూకేలోపు బేరం కుదురుతుంది, శవం లేస్తుంది. ఆరోజూ మా బయ్యారం ఊరివాళ్లు టెంటు తెచ్చారు. తమ్ముడు గుంజలు పీకేశాడు.

"దాని పీనుగును బేరం పెట్టను. కోర్టుకే పోత."

"పిచ్చోడా, కోర్టు నీ పెండ్లాన్ని లేపుతదా?" అని ఒక లీడర్ నవ్వాడు.

తమ్ముడు ఏళ్ల తరబడి తిరిగాడు. గెలిచాడు. వచ్చింది వకీలుకే సరిపోయింది.

ఆ తర్వాతే ఆ డాక్టర్ స్కానింగ్ మిషన్ కొన్నాడు. అంతకుముందు కడుపు మీద చెయ్యి పెట్టి ఒత్తి చూసేవాడు. ఇప్పుడా చెయ్యి జేబులోంచి రాదు. దగ్గు వచ్చినా స్కానింగే. ఎవరైనా అడిగితే, "మీ బయ్యారపాయన కేసేసిండు గద, మేం జాగ్రత్తగుండొద్దా?" అనేవాడు. తక్కిన డాక్టర్లూ చూసి నేర్చుకున్నారు. అరవై దాటాక అక్షరాలు నేర్చిన నేను గోడ మీది రేట్లు కూడబలుక్కుని చదివాను. కడుపు మండింది, తమ్ముడి మీద కాదు. కేసు వేసింది ఒక్కడు, అదీ ఒక్కసారి. మిషన్ రోజూ తిరుగుతోంది.

ఊరికి ఇది ఎక్కలేదు. తమ్ముడు హోటల్లో కూర్చుంటే బెంచీ ఖాళీ అయ్యేది.

"ఏందే అన్నా, సచ్చింది నీ పెండ్లాం, చిరిగినయి మా జేబులు," అన్నాడొకడు అందరి ముందు. తమ్ముడు చాయ్ వదిలేసి లేచాడు.

ఈ ఎండాకాలం తమ్ముడికి ఛాతీలో నొప్పి వచ్చింది. ఆటోలో మహబూబాబాద్ తీసుకుపోయాను. దగ్గరున్న దవాఖానలో డాక్టర్ తమ్ముడి మొహం చూసి గుర్తుపట్టాడు.

"ఈయనను మేం ముట్టం పెద్దాయనా. వరంగల్ తీస్కపో."

ఇంకో దవాఖానలోనూ గుర్తుపట్టారు. ముట్టారు గానీ, పరీక్షలకే. ఈసీజీ, రక్తం, స్కానింగ్, మళ్లీ రక్తం. మందు చుక్క ఎక్కించకుండా కాగితాల కట్ట నా చేతిలో పెట్టి అంబులెన్స్ ఎక్కించారు. వరంగల్ దారిలో నెక్కొండ దాటకముందే తమ్ముడు పోయాడు.

ఊరికి ఫోన్ చేసి వెనక్కి మళ్లాము. అప్పటికే ఆ పరీక్షలు చేసిన దవాఖాన ముందు టెంటు లేచింది. వేసింది హోటల్లో బెంచీ ఖాళీ చేసినవాళ్లే. శవాన్ని దింపనివ్వలేదు నేను.

"బతికున్నప్పుడు పక్కకు కూసోలే, ఇప్పుడు పీనుగు పక్కకు కూసుంటరా? జరుగుండ్రి!"

ఊళ్లోనే కాల్చాము. చితి ఆరకముందే, ఆ జేబులు చిరిగినవాడు నా పక్కకు వచ్చాడు.

"అన్నా, కేసేసినోడు పోయిండు గద. ఇగ స్కానింగులు బంద్ జేస్తరంటవా?"

చెప్పు తీసేవాణ్ణే. కానీ నాకూ తెలుసుకోవాలనిపించింది.

తర్వాత దగ్గు పట్టుకుంటే, మరదలికి కాంపౌండర్ సూది ఇచ్చిన ఆ దవాఖానకే పోయాను. కౌంటర్లో ఉన్న పిల్ల తల ఎత్తలేదు.

"ముందుగాల స్కానింగ్ తీపిచ్చుకో తాతా."

"ఎందుకు బిడ్డా? కేసేసినోడు సచ్చిండు గద."

"మిషన్ ఉన్నది గద తాతా."