మూడో పిలుపు

నా షాపులో రోజూ దీపం పెట్టే చేత్తో ఒట్టేసి చెబుతున్నాను… ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది లేదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు తిక్క లేస్తుంది.

ఆత్మకూరులో నాది మైకుసెట్ల షాపు. పెళ్లిళ్లకీ, తిరునాళ్లకీ అద్దెకిస్తాను. ఆటోలకీ ట్రాక్టర్లకీ స్పీకర్లు బిగిస్తాను. ఈమధ్య సోమశిల డ్యాములో చేపలు పట్టేవాళ్లు పడవలకి కూడా పెట్టించుకుంటున్నారు. రాత్రంతా నీళ్ల మీద ఉండే మనుషులు, పాట లేకపోతే నిద్ర ముంచుకొస్తుంది మరి. వచ్చిన ప్రతివాడినీ నేను ముందు అడిగేది ఒకటే. పాట కావాలా, మాట కావాలా? పాటకైతే పడవల కోసమే చేసిన బాక్సులున్నాయి, నీళ్లు దూరవు, చెమ్మకి చెడవు. కానీ ఆ రేటుకి పాడిగేదె వస్తుంది. మాటకైతే గుడి మీద కట్టే గొట్టం స్పీకరు చాలు. పొట్టేలు ధరలో అయిపోతుంది. అందులో పాట పెడితే రేకుడబ్బా మోగినట్టుంటుంది గానీ, మాట మాత్రం ఊరు దాటి పోతుంది.

పోయిన చలికాలం సోమశిల నుంచి మొగుడూ పెళ్లాం వచ్చారు. పెంచలయ్య, రమణమ్మ. పాటా మాటా అని అడిగితే ఆయన మాటే అన్నాడు. ఆమె గొట్టం లోపల చెయ్యి పెట్టి నెమ్మదిగా తడిమింది.

"ఇది ఎంత దూరం పోతాది అబ్బయ్యా?"

గాలి లేకపోతే అవతలి కొండ దాకా పోతుందని చెప్పాను.

"నీళ్ల అడుక్కి పోతాదా?"

పెంచలయ్య నన్ను బయటికి తీసుకుపోయి సంగతి చెప్పాడు. ఒక్కడే కొడుకు, శీను. వలలు వేయడానికి ఒక రాత్రి పడవలో పోయాడు. తెల్లారి పడవ ఒడ్డుకి వచ్చింది, పిల్లోడు రాలేదు. ఎంత వెతికినా శవం దొరకలేదు. బంధువులు దినం చెయ్యమంటున్నారు. ఈమె ఒప్పుకోవడం లేదు. కళ్లతో చూడకుండా నా బిడ్డకి పిండం పెట్టనివ్వను అని కూర్చుంది. ఆఖరికి ఒక మాటకి దిగింది. వాడు పోయిన చోట, వాడు పోయిన వేళప్పుడు గట్టిగా పిలుస్తాను. పలక్కపోతే… దినం చేసుకోండి అంది. ఆమె గొంతు దూరం పోదని ఈ మైకు.

నాకూ ఇద్దరు పిల్లలున్నారు. సెట్టు తీసుకుని నేనే వస్తానన్నాను.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. నేను కార్డ్‌లెస్ మైకు తీసుకుపోలేదు. అది దొంగముండది. ఒక పెళ్లిలో పెడితే పక్క వీధి పెళ్లి మంత్రాలు ఇందులో వినపడతాయి. అందుకే వైరు మైకు, బ్యాటరీ, ఆంప్లిఫయరు… అంతే. ఇంటి దగ్గరే అన్నీ చూసుకున్నాను.

రాత్రి వాళ్ల పడవలో నీళ్ల నడిమికి పోయాక పెంచలయ్య ఇంజను ఆపేశాడు. అబ్బా… ఆ నిశ్శబ్దం! పడవ కింద నీళ్లు తపక్… తపక్… అంటున్నాయి. చుక్కలు తప్ప వెలుతురు లేదు. చలికి నా పళ్లు టకటకలాడుతున్నాయి. గొట్టాన్ని కొండవైపు తిప్పి మైకు రమణమ్మ చేతికిచ్చాను.

"శీనా…"

ఆ పిలుపు నీళ్ల మీద పరుగెత్తింది. కాసేపటికి కొండ నుంచి తిరిగొచ్చింది… శీనా…

"ఇంటికి రా నాయనా… నేనింకా అన్నం తినలా…"

అదీ తిరిగొచ్చింది. పిలిచింది, పిలిచింది… గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. ప్రతిసారీ ఆమె మాటే ఆమెకి తిరిగొస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఇక చాలు అన్నట్టు ఆమె మైకు ఆపేసి ఒళ్లో పెట్టుకుంది. స్విచ్చి కిందికి, ఆఫ్‌లోనే ఉంది. నేను చూశాను. టార్చి వేసి మరీ చూశాను.

అప్పుడు…

గొట్టంలో గుర్ మని చిన్న శబ్దం. వైరు తడిసిందేమో అనుకున్నాను. చెయ్యి చాచాను.

"మా…"

గొట్టంలోంచే. మగపిల్లోడి గొంతు. నీళ్లు మింగిన గొంతు.

రమణమ్మ ఎగిరిపడింది. పలకబోయింది. పెంచలయ్య ఒక్క ఉదుటున వచ్చి ఆమె నోరు మూసేశాడు. పడవ ఒరిగింది.

"పలకబాక! మూడోసారి పిలవనీ!"

మా వైపు పసిబిడ్డకి కూడా తెలుసు. చీకటి పడ్డాక ఎవరైనా పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. మనిషి కానిది రెండుసార్లతో ఆగిపోతుందంటారు. పలికితే మనల్నే పట్టుకుపోతుందంటారు.

ఎదురుచూశాం.

"మా…"

రెండోది. ఈసారి సన్నగా… అలిసిపోయినట్టు. రమణమ్మ ఆయన చెయ్యి కొరుకుతోంది. ఆయన ఏడుస్తున్నాడు, చెయ్యి మాత్రం తియ్యడం లేదు.

మూడోదాని కోసం చూశాం.

తపక్… తపక్…

చూశాం… చూశాం… రాలేదు. ఆంప్లిఫయరు మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. పెంచలయ్య చెయ్యి జారిపోయింది. రమణమ్మ గబుక్కున మైకు ఆన్ చేసి నోటి దగ్గర పెట్టుకుంది. "పలుకుతుండానయ్యా… అమ్మ పలుకుతుండాది… పిలువు…" బ్యాటరీ దిగిపోయేదాకా అదే మాట. కొండ దాన్నే తిరిగి చెప్పింది.

షాపుకొచ్చి సెట్టంతా విప్పాను. చెమ్మ లేదు, తుప్పు లేదు, ఒక్క వైరు ఊడలేదు. ఆపేసిన మైకులో గొంతు ఎట్లా వచ్చింది? ఎక్కడో వేరే పడవలో ఎవడైనా ఉన్నాడా? ముగ్గురం ఏడుస్తూ ఉండి ముగ్గురం ఒకటే భ్రమపడ్డామా? ఈ లైనులో ఇంతకాలం ఉన్నాను, నాకు తెలియదు.

పెంచలయ్య ఒకసారి షాపుకొచ్చాడు. ఎన్నిసార్లు విన్నావని అడిగాడు. రెండుసార్లే అన్నాను. అయితే అది మనోడు కాదు, దినం చేసెయ్యొచ్చు అన్నాడు. అంటూనే బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంట్లో ఆ మాట ఎత్తితే రమణమ్మ ఒకటే అడుగుతుందట. "మునిగే బిడ్డకి మూడుసార్లు పిలిచే ఊపిరి ఉంటాదా?"

దినం ఇంతవరకు చెయ్యలేదు.

మొన్న పని మీద సోమశిల పోతే వాళ్లింటికి వెళ్లాను. పొద్దుగూకింది. దూరంగా ఎవరో వాళ్ల అమ్మని పిలిచారు, ఏదో పిల్లోడు. రమణమ్మ చేతిలో ముద్ద పళ్లెంలో పడేసి లేచింది. "వస్తుండా నాయనా" అంది, మొదటి పిలుపుకే. ఇప్పుడు ఎవరి బిడ్డ పిలిచినా అంతేనట. ఒక్కోరాత్రి ఎవరూ పిలవకపోయినా లేచి పలుకుతుందట.