నీడ పడ్డ వైపు

నిన్న మా మనవరాలు నూడుల్స్‌లో వెనిగర్ ఒంపుతుంటే ఆ పుల్లటి ఘాటు వంటింట్లోంచి హాల్లోకి వచ్చింది. చదువుతున్న పేపరు ఒళ్ళోకి జారిపోయింది. "క్యా హువా అమ్మమ్మా?" అంది. దాంతో తెలుగులో మాట్లాడితే అది హిందీలో జవాబిస్తుంది, అది వేరే కథ. ఏమైందని చెప్పను? దానికది నూడుల్స్ వాసన. నాకది సాక్చి బజార్లో ఒక మేడమీది ఆఫీసు, చీకటిగదిలో ఇదే వాసనేసే మందులో మునిగి తడితడిగా వచ్చిన ఫోటోలు, సూర్యనారాయణ మాస్టారు.

ఎనభైల మొదట్లో మాట. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి, స్టీలు కార్ఖానాలో కాంట్రాక్టు పనికి వచ్చి భాలుబాసా బస్తీలో స్థిరపడ్డాడు. నేను డ్రాయింగ్ డిప్లొమా చేసి ఆ ఆఫీసులో చేరాను. విమానంలోంచి తీసిన ఫోటోలు చూసి కర్మాగారాలకు మ్యాపులు, రిపోర్టులు తయారుచేయడం అక్కడి పని. మాస్టారు మా సెక్షన్‌కి పెద్ద. బడిలో ఎప్పుడూ పాఠం చెప్పలేదు. వాయుసేనలో ఉద్యోగమంతా ఫోటోలు చదవడంలోనే గడిపి రిటైరై వచ్చిన మనిషి. మాకందరికీ పని నేర్పారు కాబట్టి మాస్టారు. ఉన్న స్కూటరు అమ్మేసి సోనారి నుంచి ఆటోలో వచ్చేవారు. చాయ్ పోసేటప్పుడు కెటిల్ మూతిని కప్పు అంచుకి ఆనించి మరీ పోసేవారు. ఒక్క చుక్క ఒలికితే ప్రాణం పోతుంది కాబోలు, ఎంత పిసినారో అని వెనకాల నవ్వుకునేవాళ్ళం. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే. నా నోరు అప్పుడూ ఊరుకునేది కాదు.

సముద్రపు ఒడ్డున ఉన్న ఒక రిఫైనరీ పని వచ్చింది. దాన్ని పెంచాలనుకుంటున్నారు. కొన్నేళ్ళ తేడాతో తీసిన మూడు దఫాల ఫోటోలు పంపారు. అన్నీ రహస్యం. బీరువాలో తాళం వేసి, రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకోవాలి. మాస్టారు ఒక జత తీసి స్టీరియోస్కోపు కింద పెట్టి నన్ను పిలిచారు. ఒకే చోటుని కాస్త ఎడంగా తీసిన రెండు ఫోటోల్ని ఒక్కో కంటికి ఒక్కోటి చూపించే పరికరం అది.

"ఏటి కనిపిత్తంది?"

"రిఫైనరీ సార్."

"తెలిసింది సెప్పకమ్మా. సూసింది సెప్పు."

"గుండ్రాలు. గీతలు," అన్నాను చిరాగ్గా. అంతలో రెండు బొమ్మలూ ఒకదానిలోకి ఒకటి జారాయి. గుండ్రాలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి! ట్యాంకులు, వాటి మధ్య పైపులు, పొగగొట్టం నా ముక్కు దాకా వచ్చేసింది. "ఓరి నాయనో!" అని కుర్చీతో సహా వెనక్కి జరిగాను. మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఈ రోజుకీ ఆ క్షణం తలుచుకుంటే నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది.

తరవాత ఆయన చూపించినవి ఒకటా రెండా! కొన్ని ట్యాంకుల లోపల నెలవంకలాంటి నీడలుండేవి. ఆ ట్యాంకుల కప్పు చమురు మీదే తేలుతుంది, చమురు తగ్గితే కప్పూ దిగుతుంది, అప్పుడు గోడ నీడ లోపల పడుతుంది. "వంక లావుగా ఉంటే ట్యాంకు కాళీ. సన్నంగా ఉంటే నిండుగా ఉన్నట్టు." ఎన్నడూ అడుగుపెట్టని చోట, ఎవరూ మూత తీసి చూపించని ట్యాంకులో ఎంత ఉందో సాక్చిలో చాయ్ తాగుతూ చెప్పేశారు. మొదటి దఫాలో రెండు వరసల ట్యాంకులు, రెండోదానిలో మట్టి తవ్విన గుంటలు, మూడోదానిలో ఆ గుంటల్లోంచే కొత్త వరస. గేటు నుంచి ఒక కాలిబాట దఫాదఫాకీ తెల్లగా, వెడల్పుగా అవుతూ దక్షిణపు అంచుకు పోయేది. అక్కడ గుడిసెలు. సూది మొనతో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టారు.

"ఇవి ఎవరు అడిగారు సార్?" అన్నాను.

"ఎవులూ అడగనేదు. మీ నాన్నలాటోళ్ళే కదమ్మా, పని ఉన్నకాడికొచ్చి గుడిసె ఏసుకున్నోళ్ళు. రిఫైనరీ పెరిగిందంటే ఈళ్ళు కూడా పెరిగినట్టే."

కొత్త ట్యాంకుల్ని దక్షిణం వైపే కట్టాలని వాళ్ళ ఆలోచన. ట్యాంకు ఎప్పుడైనా పగిలితే చమురు గుడిసెల మీదికి పోకుండా ఆపడానికి మధ్యలో ఏమైనా ఉందా అన్నది తేల్చాలి. ఆ చివరి జత నాకిచ్చారు. అందులో ట్యాంకులు లేవు. బోడి నేల, మధ్యలో ఐమూలగా ఒక పొడుగాటి గీత, అంతే. గుడిసెలు, వాటి పక్కన కరెంటు స్తంభాలు ఒక ఫోటోలోనే అంచున పడ్డాయి. స్టీరియోస్కోపులో చూస్తే గీత చక్కగా పైకి లేచింది. "ఎత్తైన మట్టికట్ట ఉంది" అని రాశాను. మేనేజరు టైపు కూడా చేయించాడు. మధ్యాహ్నం రిఫైనరీ ఇంజనీరు వచ్చి రిపోర్టు తీసుకెళ్ళాలి.

పదకొండింటికి మాస్టారు ఆ ఫోటో ఒకటి చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూశారు.

"స్తంబాల నీడలు ఎటు పడ్డాయమ్మా?"

"పడమటికి."

"అంటే ఎండ తూరుపు నుంచి. గట్టయితే దాని నీడ పడమటి నేల మీద పడాల. ఇక్కడ నీడ గీత లోపల, తూరుపు అంచు కిందే ఉంది. ఇది గట్టు కాదు తల్లీ. కాలవ. తిన్నగా గుడిసెల్లోకే పోతంది."

నాకు పౌరుషం వచ్చింది. "నా కళ్ళతో చూశాను సార్, లేచింది! కావాలంటే మీరే చూడండి," అని స్టీరియోస్కోపు ఆయన ముందుకు తోశాను.

ఆయన వంగలేదు. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని నా వైపు తిరిగారు. "ఇప్పుడు నువ్వు నాకు కనపడవు. కుడి కన్ను పోయి మూడేళ్ళయింది. ఇందులో నాకేటీ లెగవదు."

ఒంటి కంటికి ఏది ఎంత దూరమో అందదు. స్కూటరు, కెటిల్ మూతి అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఈ మూడేళ్ళూ ఈ మనిషి ఉత్త నీడలు చూసి లోకాన్ని నిలబెట్టుకున్నాడా!

"ఎడమది కుడికి పెట్టీసినావేమో, మార్చి సూడు," అన్నారు. మార్చాను. గట్టు నా కళ్ళ ముందే నేలలోకి దిగిపోయి కాలవైంది. తారుమారుగా పెడితే ఎత్తు లోతవుతుంది, లోతు ఎత్తవుతుంది. ఆ కాలవ పక్కన మా అమ్మ గిన్నెలు తోముతున్నట్టే అనిపించింది.

"ఇది స్టీరియోస్కోపులో మీరే చూశానని చెప్పండి. మీ కంటి సంగతి నేనెవరికీ చెప్పను," అని బతిమాలాను.

"సెప్తే నమ్మేత్తారు. రేపు మరో ఫోటోకీ నమ్మేత్తారు. అదే బయం."

ఇంజనీరు వచ్చాడు. రిపోర్టు తప్పని తెలిసి మేనేజరు మండిపడ్డాడు. "ఆప్ ఖుద్ దేఖ్ కే బతాయియే," మీరే స్వయంగా చూసి చెప్పండని మాస్టారి ముందు స్టీరియోస్కోపు పెట్టాడు. మాస్టారు లేచి నిలబడి, తనకు ఒక కన్నే ఉందని, ఇది సరిగా చూసింది ఈ అమ్మాయేనని హిందీలో నెమ్మదిగా చెప్పారు. తప్పు చూసింది కూడా నేనేనని చెప్పలేదు. నేనే చెప్పాను. ఇంజనీరు వంగి చూశాడు. చాలాసేపు చూసి, నీడలు గుర్తుపెట్టి ఇమ్మన్నాడు. కొత్త ట్యాంకులు ఉత్తరం వైపుకి మారాయి. మాస్టారిని ఎవరూ పొమ్మనలేదు. ఆ నెలాఖరున ఆయనే బీరువా తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

కొన్నేళ్ళకి అదే రిఫైనరీ ఫోటోలు మళ్ళీ వచ్చాయి. రహస్యం బయట చెప్పకూడదు. చెప్పాను. ఆదివారం సోనారి వెళ్ళి మాస్టారి ఎదురుగా కూర్చున్నాను. ఆయన రెండు కళ్ళూ మూసుకున్నారు. ఉత్తరాన కొత్త ట్యాంకులు, దక్షిణాన అదే తెల్లటి బాట, కొన్ని గుడిసెల చోట డాబాలు, వాటి మధ్య ఖాళీలో మనుషులు, ఒక్కొక్కటీ చెప్పాను.

"మనుషులా? సూసిందేనా, తెలిసింది సెప్తన్నావా?"

"చూసిందే మాస్టారూ. చిన్న చిన్న చుక్కలు. ప్రతి చుక్కకీ నీడ ఉంది."

కళ్ళు తెరవలేదు. చెయ్యి మాత్రం గాల్లోకి లేచింది. "లెగిసిందమ్మా. మొత్తం లెగిసింది," అన్నారు.

మా మనవరాలు నూడుల్స్ తిని చాయ్ అడిగింది. పోస్తుంటే కిసుక్కున నవ్వింది, ఒక్క చుక్క కూడా వదలవు, ఎంత పిసినారివి అమ్మమ్మా అని. కెటిల్ మూతి కప్పు అంచుకి ఆనించి పోస్తాను నేను. నా కళ్ళు రెండూ బాగానే ఉన్నాయి.